థర్మోస్టాట్‌కు తెలిసింది ప్రోబ్ మొన ఒక్కటే

తెల్లవారుజామున లేచి చూస్తే గెకో ట్యాంకు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కంట్రోలర్ తెర మీద 27.4 అని ఉంది. హీటర్ నడుస్తోందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నేను పెట్టింది 32. రాత్రి చలికి ఇంకా అందుకోలేదేమోలే అనుకుని మొహం కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా చుక్కమ్మ (లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి, ఆరేళ్ల ఆడది) ట్యాంకులో ఆ చివర, నీళ్ల గిన్నె వెనక గాజుకు కరుచుకుని ఉంది. ఆ వేళకు అది వెచ్చటి పలక మీద బద్ధకంగా పడుకుని ఉండాలి. అనుమానం వచ్చి పలక మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గురిపెడితే 46 చూపించింది.

రాత్రి ఎప్పుడో మట్టి తవ్వుతూ తవ్వుతూ ప్రోబ్‌ను, అంటే థర్మోస్టాట్‌కు వేడి ఎంతో చెప్పే తీగ చివరి సెన్సర్‌ను, పైకి లాగేసింది. ప్రోబ్ గాల్లో వేలాడుతోంది. గాలి చల్లగా ఉంది కాబట్టి థర్మోస్టాట్ చాల్లేదు, చాల్లేదు అనుకుంటూ కింద వేడినిచ్చే మ్యాట్‌ను రాత్రంతా నడిపింది. పరికరం పాడవలేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసింది. చుక్కమ్మ పొట్ట మీద చర్మం కమిలితే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను, రెండు వారాల్లో మానింది. నా పరువు మానడానికి ఇంకాస్త పట్టింది. ఎందుకంటే నా ఉద్యోగమే కొలత పరికరాలు సరిచూడటం. పగలంతా ఇతరుల సెన్సర్లలో తప్పులు పట్టి, ఇంటికొచ్చి నా సెన్సర్‌ను ఒక టేపు ముక్కకు అప్పగించాను.

అందుకే ఎవరైనా "థర్మోస్టాట్ ఎంత మీద పెట్టాలి?" అని అడిగితే, ప్రోబ్ ఎక్కడ పెట్టారని ఎదురు అడుగుతాను. అది తెలియకుండా చెప్పే అంకెకు అర్థం లేదు.

ముందు ఎంత వేడి కావాలి

గోడ మీద తొండను చూస్తూనే ఉంటాం. పొద్దున ఎండ తగిలే చోట ఒళ్లు పరుచుకుని కాగుతుంది, కాసేపటికి నీడకు జారుకుంటుంది, మళ్లీ వస్తుంది. 1944లో కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఎడారి సరీసృపాల మీద చేసిన పనిలో తేల్చింది ఇదే: అవి ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ ఒంటి వేడిని చాలా ఇరుకైన హద్దుల్లో నిలుపుకుంటాయి. అంటే వేడిని సర్దుకునే పని జంతువుదే. మనం చేయాల్సింది అది తిరగడానికి ఒక వెచ్చటి మూల, ఒక చల్లటి మూల, మధ్యలో మెల్లగా మారే నేల ఇవ్వడం. ట్యాంకంతా ఒకే వేడి ఉంటే, ఆ అంకె ఎంత సరైనదైనా, దానికి ఎంచుకునే వీలు పోయినట్టే.

నేను వాడే అంకెలు ఇవి, అన్నీ సెల్సియస్‌లో. లెపర్డ్ గెకోకు వెచ్చటి వైపు నేల 31 నుంచి 33, చల్లటి వైపు 24 నుంచి 26. కార్న్ స్నేక్ అనే పాముకు 29–31, 22–25. బాల్ పైథాన్ అనే కొండచిలువకు 31–33, 25–27. బియర్డెడ్ డ్రాగన్ అనే తొండ సంగతి వేరు. అది ఎండ కాగే రాయి 38 నుంచి 42 దాకా ఉండాలి, ఆ చివర మాత్రం 24–27 చాలు. క్రెస్టెడ్ గెకో వీటన్నిటికీ ఎదురు: 22–26 మధ్య హాయిగా ఉంటుంది, 28 దాటితే ఇబ్బంది పడుతుంది. దానికి హీటర్ కొనేముందు అసలు అవసరమా అని గది వేడి చూసుకోండి. రాత్రిళ్లు వీటిలో చాలావాటికి నాలుగైదు డిగ్రీలు తగ్గినా ఏమీ కాదు, తగ్గడమే సహజం.

ఇవి నేల మీద, రాయి మీద కొలిచిన అంకెలు. గాలి వేడి వేరు, నేల వేడి వేరు. కింద పెట్టే మ్యాట్ నేలను వేడి చేస్తుందే తప్ప గాలిని పెద్దగా కదిలించదు. మా ఇంట్లో తప్పు జరిగింది అక్కడే.

ఏ హీటర్‌కు ఏ థర్మోస్టాట్

థర్మోస్టాట్లు మూడు రకాలు. మొదటిది ఆన్-ఆఫ్ రకం, పూర్తిగా వేస్తుంది, పూర్తిగా ఆపుతుంది. రెండోది పల్స్ రకం, కరెంటును చిన్న చిన్న విడతలుగా వదులుతుంది. మూడోది డిమ్మింగ్ రకం, బల్బును తగ్గిస్తూ పెంచుతూ ఒకచోట నిలుపుతుంది.

హీట్ మ్యాట్‌కు మొదటిది చాలు, రెండోదైనా బాగుంటుంది. సిరామిక్ ఎమిటర్‌కు, అంటే వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే పింగాణీ బల్బుకు, పల్స్ గానీ డిమ్మింగ్ గానీ వాడండి. ఆన్-ఆఫ్ మీద పెడితే ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు సెగలు కక్కుతూనే ఉంటుంది. హద్దు దాటాక గానీ చల్లారదు. వెలుతురిచ్చే హాలోజన్ బల్బుకు డిమ్మింగ్ ఒక్కటే పనికొస్తుంది. పల్స్ మీద పెడితే బల్బు టపటపా మిణుకుతుంది, ఆన్-ఆఫ్ మీద పెడితే పగటిపూట ఉన్నట్టుండి చీకటి పడుతుంటుంది, పైగా బల్బు త్వరగా మాడిపోతుంది. యూవీబీ (అతినీలలోహిత కాంతి) ట్యూబును, మెర్క్యురీ వేపర్ (పాదరసపు ఆవిరి) బల్బును ఏ థర్మోస్టాట్‌కూ తగిలించకండి, వాటికి టైమరే. మెర్క్యురీ వేపర్ బల్బు ఒకసారి ఆరిపోతే చల్లారేదాకా మళ్లీ వెలగదు కూడా.

ఎరుపు వాటికి కనిపించదు, రాత్రి వేడికి ఎర్ర బల్బు పెట్టమనే సలహా ఇంకా వినిపిస్తుంటుంది. రాత్రి తిరిగే గెకోలు మసక వెలుతురులో కూడా రంగులు చూడగలవు. వాటి కంటి ముందు రాత్రంతా ఎర్ర దీపం పెట్టడం బాగోదు. రాత్రికి వేడి కావాలంటే వెలుతురు లేని హీటరే వాడండి.

వేడి రాళ్లు అని లోపల తీగ ఉన్నవి అమ్ముతారు. నేను వాడను. సరీసృపాలు పొట్ట కింద కాలుతున్నా త్వరగా కదలవు. ఆ మాట పుస్తకాల్లో చదివాను, చుక్కమ్మ పొట్ట మీద చూశాను.

ప్రోబ్ ఎక్కడ

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. ట్యాంకుకు ఆ లెక్క చెల్లదు. థర్మోస్టాట్ పట్టి చూసేది ఒక్క మెతుకే, ఏ మెతుకు అన్నది మీ చేతిలో ఉంది.

మ్యాట్ ఉన్న గాజు ట్యాంకుకు రెండు దారులున్నాయి. లోపల, మ్యాట్‌కు సరిగ్గా పైన, నేలకు ఆనించి పెట్టడం ఒకటి. జంతువు నిజంగా పడుకునే చోటు వేడే తెర మీద కనిపిస్తుంది, అది దీని మంచి. కానీ తవ్వే జంతువు, తోసే పాము ఉంటే ఏదో ఒక రోజు అది కదులుతుంది. చల్లటి వైపుకు జరిగితే వెచ్చటి వైపు కాలిపోతుంది. నీళ్ల గిన్నె ఒలికి తడిస్తే కూడా అంతే, తడి ప్రోబ్ చల్లగా ఉన్నట్టు చెబుతుంది.

రెండో దారి ప్రోబ్‌ను బయటే, మ్యాట్‌కూ అడుగు గాజుకూ మధ్య ఇరికించడం. ఆ ఉదయం తర్వాత నేను పూర్తిగా దీనికే మారాను. ఇక్కడ తెర మీద అంకె లోపలి వేడి కాదు, మ్యాట్ వేడి. రెండిటికీ తేడా ఉంటుంది, ఆ తేడా ఎంతో కొలుచుకోవాలి. చుక్కమ్మ ట్యాంకులో బయట 35.5 పెడితే లోపల పలక మీద 32 వస్తుంది. ఆ రెండంకెలూ కాగితం మీద రాసి ట్యాంకుకు అతికించాను: "బయట 35.5, లోపల 32, రెండు సెంటీమీటర్ల మట్టి." మట్టి మందం ఎందుకు రాశానంటే, అది పెరిగితే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. మందమైన మట్టి దుప్పటిలా పనిచేస్తుంది. పైన వేడి తగ్గుతుంది, కింద గాజు దగ్గర పోగుపడుతుంది. పైన చల్లగా ఉందని మీరు అంకె పెంచుతారు, జంతువు తవ్వుకుంటూ కిందికి పోయి కాలే గాజు మీద పడుకుంటుంది. నా 35.5ను ఎత్తుకెళ్లి మీ ట్యాంకుకు పెట్టకండి. మీ గాజు, మీ మ్యాట్, మీ మట్టి వేరు.

మ్యాట్ నేలలో మూడో వంతుకు మించకూడదు. ట్యాంకు కింద చిన్న కాళ్లు పెట్టి గాలి ఆడనివ్వండి. వేడి బయటికి పోయే దారి లేకపోతే గాజు చిట్లే ప్రమాదముంది.

దీపం కింద ఎండ కాగే చోటుకు ప్రోబ్ పెట్టడం ఇంకాస్త మెలిక. నేరుగా కాంతి పడే చోట నల్ల ప్రోబ్ ఒకటి చెబుతుంది, పక్కనున్న రాయి ఇంకొకటి చెబుతుంది. నేను రాయి అంకెనే నమ్ముతాను. దీపాన్ని పూర్తిగా వెలిగించి, బల్బు వాటేజీతో, రాయి ఎత్తుతో కావలసిన వేడి తెస్తాను. ఇక్కడ దూరం మహా పదునైన సాధనం. రాయిని మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి లేపితే చాలు, అంకె గబుక్కున ఎగబాకుతుంది. వేడి కుదిరాక ప్రోబ్‌ను రాయి పక్కన, జంతువు వీపు ఎత్తులో కట్టేసి, అక్కడ కనిపించే అంకెకు రెండు డిగ్రీలు పైన థర్మోస్టాట్ పెడతాను. మామూలు రోజుల్లో అది దీపం జోలికి రాదు. గది వేడెక్కిన రోజు మాత్రం దీపాన్ని తగ్గిస్తుంది.

ప్రోబ్‌ను ట్యాంకు లోపల టేపుతో అతికించకండి. టేపు ఊడుతుందన్నది ఒక కారణం. ఊడిన టేపు పాము ఒంటికి అతుక్కుంటే తీసేటప్పుడు చర్మం చిరిగిపోతుందన్నది అంతకంటే పెద్దది. స్క్రూ క్లిప్పులు, పూర్తిగా ఆరిన అక్వేరియం సిలికాన్, ఈ రెండే నా దగ్గర నిలిచాయి.

అంకెలు నొక్కడం

తమ్ముడు ఓ రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, కొత్త కంట్రోలర్ బోర్డు పాడైంది. 32 పెట్టాను, 31 అయినా హీటర్ వేయట్లేదు." పాడవలేదురా, తేడా సెట్టింగు చూడమన్నాను. ఆ అంకె 2 మీద ఉంది. ఆన్-ఆఫ్ కంట్రోలర్లలో ఇలా ఉంటుంది: పెట్టిన అంకె దగ్గర ఆపుతుంది, దానికి తేడా అంత కిందికి దిగాక మళ్లీ వేస్తుంది. 32కు తేడా 2 అంటే 30 దాకా దిగనిస్తుందన్నమాట. డబ్ల్యూ1209 అనే చిన్న బోర్డు మెనూలో ఈ తేడా పేరు పీ1, ఎస్‌టీసీ-1000 కంట్రోలర్‌లో ఎఫ్2, ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 కంట్రోలర్‌లో హెచ్‌డీ.

మ్యాట్‌కు నేను 0.5 నుంచి 1 మధ్య పెడతాను. మరీ 0.1కు దించితే రిలే (హీటర్‌ను వేసి ఆపే లోపలి స్విచ్) రోజంతా టిక్కుటిక్కుమంటూ త్వరగా అరిగిపోతుంది. ట్యాంకులో అంత సూక్ష్మం అక్కర్లేదు కూడా. గుడ్లు పొదిగించే పెట్టె అయితే వేరే కథ. లెపర్డ్ గెకో గుడ్లు 26 దగ్గర పొదిగితే ఎక్కువగా ఆడపిల్లలు, 32–33 దగ్గర ఎక్కువగా మగపిల్లలు పుడతాయి. అక్కడ డిగ్రీ తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

చాలా కంట్రోలర్లు ఫ్రిజ్‌ల కోసం కూడా చేసినవే. అందుకే వేడికి ఒక సాకెట్టు, చలికి ఒక సాకెట్టు ఉంటాయి. లేదా మెనూలో రెండిట్లో ఒకటి ఎంచుకోమంటాయి. పొరపాటున మ్యాట్‌ను చలి వైపు తగిలిస్తే, వేడెక్కేకొద్దీ ఇంకా నడుపుతుంది. జంతువును లోపల పెట్టకముందే ఈ పరీక్ష చేయండి: అంకె 28కు దించి, ప్రోబ్ మొనను గుప్పిట్లో బిగించండి. కాసేపట్లో హీటర్ ఆగిపోవాలి. గుప్పిట విప్పి, ప్రోబ్‌ను చన్నీళ్లలో ముంచితే మళ్లీ వేయాలి. ఈ చిన్న పనికి రెండు నిమిషాలు పట్టదు. నా దగ్గరకు వచ్చే ప్రతి కొత్త కంట్రోలర్‌కూ చేస్తాను.

తర్వాత సరిచూడటం. చవక సెన్సర్‌లో ఒక డిగ్రీ అటూఇటూ ఉండటం మామూలే. ఐసును పొడిచేసి, అది మునిగేంత నీళ్లు పోసి, బాగా కలిపి, ప్రోబ్ ముంచి కొన్ని నిమిషాలు ఆగితే సున్నా చూపించాలి. అయితే మనకు కావలసిన వేడి సున్నా దగ్గర లేదు కదా. అందుకే నేను ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునూ ప్రోబ్‌నూ పక్కపక్కన ముంచుతాను. నీళ్లు 36, 37 మధ్య ఉండాలి. జ్వరం థర్మామీటరు ఆ మేరకు చాలా నమ్మకమైనది, మన పనీ ఆ చుట్టుపక్కలే. ప్రోబ్ 37.8, థర్మామీటరు 36.9 చూపిస్తే, కంట్రోలర్‌లో సవరణ దగ్గర మైనస్ 0.9 పెట్టేయండి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గురించి రెండు ముక్కలు. ఎర్ర చుక్క పడినచోటే కొలుస్తుందనుకుంటాం. నిజానికి అది చూసేది ఒక వలయాన్ని, దూరం పెరిగేకొద్దీ వలయం పెద్దదవుతుంది. దగ్గరగా పట్టుకోండి. గాజులోంచి చూస్తే గాజు వేడే చెబుతుంది. మెరిసే లోహం మీద పూర్తిగా అబద్ధం చెబుతుంది. గాజుకు అతికించే ముల్లు థర్మామీటర్లు అలంకారానికి తప్ప ఎందుకూ కాదు.

ఇదంతా అయ్యాక ఖాళీ ట్యాంకును రెండు రోజులు నడపండి. పగలు మూడుసార్లు, పడుకునేముందు ఒకసారి, తెల్లారక ఒకసారి రెండు చివర్లా కొలిచి రాసుకోండి. వేడెక్కాక మొదటి గంటలో కనిపించే అంకెలను నమ్మకండి, రాయి, పలక పూర్తిగా వేడెక్కడానికి టైం పడుతుంది. అంకె మార్చిన ప్రతిసారీ గంటో రెండు గంటలో ఆగి మళ్లీ కొలవండి. అయిదు నిమిషాలకోసారి నొక్కుతూ పోతే రాత్రయ్యేసరికి ఎక్కడున్నారో మీకే తెలియదు.

గది వేడెక్కినప్పుడు

థర్మోస్టాట్ హీటర్‌ను ఆపగలదు, ట్యాంకును చల్లబరచలేదు. గదే 34 ఉంటే చల్లటి మూల కూడా 34కు తక్కువ ఉండదు. అలాంటి రోజుల్లో అంకె తగ్గించి చూస్తూ కూర్చోవడం దండగ. దీపం గంటలు తగ్గించండి, ట్యాంకును ఇంట్లో చల్లగా ఉండే గదికి, నేలకు దగ్గరగా దించండి. ఐసు నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చల్లటి వైపు మూత మీద పెట్టండి. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర గాజు ట్యాంకు ఎప్పుడూ ఉండకూడదు, కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

చలి రోజుల్లో ఇంకో బాధ. హీటర్ ఆగకుండా నడుస్తున్నా అంకె అందకపోతే హీటర్ చిన్నదైందని అర్థం, థర్మోస్టాట్‌ను పెంచి లాభం లేదు. ట్యాంకు మూడు వైపులా థర్మోకోల్ పలకలు ఆనించండి, లేదా పైన ఒక ఎమిటర్ కలపండి. మేసిన పామును చలిలో ఉంచితే తిన్నది అరగక కక్కేస్తుంది. మా జొన్నమ్మ (కార్న్ స్నేక్) మేసిన రోజు రాత్రి నేను వేడి తగ్గించను.

ఆగకపోతే ఏం గతి

రిలే ఒక్కోసారి మూసుకుపోయి అలాగే అతుక్కుపోతుంది. తెర మీద ఆఫ్ అని ఉంటుంది, హీటర్ నడుస్తూనే ఉంటుంది. దీనికి నా మందు రెండో థర్మోస్టాట్. ముందుగా గోడ సాకెట్టులోకి ఒక మామూలు ఆన్-ఆఫ్ కంట్రోలర్ (ఇదే కాపలా), దానిలోకి అసలు థర్మోస్టాట్, దానిలోకి హీటర్. కాపలా కంట్రోలర్ ప్రోబ్‌ను అసలు ప్రోబ్ పక్కనే పెట్టి, మూడు డిగ్రీలు ఎక్కువకు సెట్ చేస్తాను. వరస తిరగేయకండి. డిమ్మింగ్ థర్మోస్టాట్ నుంచి వచ్చే తరిగిన కరెంటును ఇంకో కంట్రోలర్‌లోకి పంపకూడదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. థర్మోస్టాట్ మీద రాసిన వాటేజీకి మించి తగిలించకండి. ఎమిటర్‌కు పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బల్బుకైనా ఎమిటర్‌కైనా చుట్టూ జాలీ తప్పనిసరి, పాము వెచ్చదనం కోసం దాన్నే చుట్టుకుంటుంది. తీగ సాకెట్టుకు వెళ్లేముందు కిందికి కాస్త వేలాడనివ్వండి, నీళ్లు కారినా అక్కడే చుక్కలై పడతాయి. కరెంటు పోయి వచ్చాక ముల్లు తిరిగే టైమర్‌ను సరిచేయండి. కరెంటు లేనంతసేపు అదీ ఆగిపోయి ఉంటుంది, చూసుకోకపోతే అర్ధరాత్రి దాకా పగలే.

అంకెలన్నీ బాగున్నా జంతువు ఒప్పుకోకపోవచ్చు. ఎప్పుడు చూసినా చల్లటి మూలలోనే ఉంటే వెచ్చటి వైపు ఎక్కువైందేమో కొలవండి. వెచ్చటి చోటు వదలకపోతే మొత్తం చల్లగా ఉందేమో చూడండి. బియర్డెడ్ డ్రాగన్ దీపం కింద నోరు తెరిస్తే కంగారుపడక్కర్లేదు, వేడి వదులుతోంది. చల్లటి చివరలో కూడా నోరు తెరుచుకుని ఉంటే మాత్రం వెంటనే కొలవండి. కొలతలన్నీ సరిగ్గా ఉంటే వైద్యుడికి చూపించండి. ఆ ఉదయం తెర 27.4 అంటుంటే, నీళ్ల గిన్నె వెనక నుంచి చుక్కమ్మ నాకు సరైన కొలతే చెప్పింది.

మట్టి మార్చిన రోజు, రాయి జరిపిన రోజు, బల్బు మార్చిన రోజు మళ్లీ కొలిచి ట్యాంకు మీద కాగితం మార్చేస్తాను. నెలకోసారి ప్రోబ్ తీగను మెల్లగా లాగి బిగువు చూస్తాను. చుక్కమ్మ ఇప్పటికీ ప్రతి రాత్రీ అదే మూల తవ్వుతుంది. ప్రోబ్ గాజుకు ఇవతల ఉంది, తవ్వుకోనీ.